సిప్పింగ్ తెలిసినోళ్ళు కావాల

తుపానులను, వరదలను, పట్టాలు తప్పిన రైళ్ళను గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. నేను చెప్పబోయే ఆపదకు కారణం ఒకే ఒక అక్షరం. ఆ అక్షరం ‘స’. దాని పుణ్యమా అని రాయగడ శివార్లలోని ఒక కర్మాగారంలో బండెడు ఇనుము వరిగడ్డి కప్పుకుని పడుకుంది. నలుగురు విద్యార్థుల చదువు మిద్దె అంచున ఆరవేసిన తువ్వాలులా గాలికి ఊగింది. ఒక పట్టభద్రుడి ఎడమచేతి బొటనవేలు వంకాయ రంగుకు తిరిగింది. ఆ పట్టభద్రుడిని నేనే. వేలు ఇప్పుడు బాగానే ఉంది. అడిగేవారు ఎలాగూ ఉండరు కనుక నేనే చెబుతున్నాను.

మా తాతగారు బొబ్బిలి వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఈ కొండల మధ్య స్థిరపడ్డారు. నాన్నగారు రాయగడ మునిసిపాలిటీలో నీళ్ళ గొట్టాల వాల్వులు తిప్పేవారు. మా వంశంలో డిగ్రీ ముఖం చూసిన మొదటివాడిని నేను. నాకు పెట్టిన పేరు సింహాచలం. పిలిచే పేరు సిమ్మాసెలం. ఎందుకంటే మా వాళ్ళ నోటికి ‘చ’ అనే అక్షరంతో పరిచయం లేదు. చేను సేను అవుతుంది, చింతపండు సింతపండు అవుతుంది, వచ్చిన చుట్టాలు సుట్టాలుగానే వచ్చి సుట్టాలుగానే వెళ్ళిపోతారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది నేను డిగ్రీ చదవడానికి విశాఖపట్నం వెళ్ళినప్పుడు మొదలైంది. హాస్టలులో గోదావరి వైపు మిత్రులు రోజూ భోజనాల దగ్గర నా చేత ‘చుక్కలు చూశాను’ అనిపించేవారు. నేను సుక్కలు సూసినట్లు చెప్పగానే వాళ్ళు కంచాలు పక్కన పెట్టి మరీ నవ్వేవారు. అప్పుడు ఒక నిశ్చయం చేసుకున్నాను. నా నోటి నుంచి ప్రతి ‘స’నూ ఏరివేసి దాని స్థానంలో ‘చ’ను ప్రతిష్ఠించాలి. ఉదయాన్నే సముద్రపు ఒడ్డుకు వెళ్ళి, అలల వైపు తిరిగి, చ, చా, చి, చీ అని గొంతెత్తి సాధన చేసేవాడిని. ఒకనాడు నాలుగో అక్షరం దగ్గర, అటుగా నడుస్తున్న ఒక పెద్దమనిషి ఆగి, తనను ఎందుకు ఛీకొడుతున్నానో మర్యాదగానే అడిగారు.

నిశ్చయం గట్టిదైతే ఫలితం కూడా గట్టిగానే ఉంటుంది. కొంతకాలానికి నా నోట ‘స’ పూర్తిగా అంతరించింది. చేను చేనే అయింది. కాని సరే కూడా చరే అయింది. సంతకం చంతకం అయింది. ఉద్యోగపు ఇంటర్వ్యూలో, పాలిష్ చేసిన బూట్లతో నిటారుగా నిలబడి, నా పేరు చింహాచలం అని చెప్పాను. మేనేజరు మొహంతి సారు ఒడియావారు. తెలుగువారి పేర్లు ఇలాగే ఉంటాయి కాబోలు అనుకుని ఆయన తలపంకించారు. ఉద్యోగం ఇచ్చారు. ఆ పేరు కూడా అలాగే ఉంచేశారు.

మా కర్మాగారంలో ఇనుము కరిగించి పంపు బాడీలు పోతపోసేవారు. నేను సిబ్బంది విభాగంలో సహాయకుడిని, ఇంకా పర్మనెంటు కానివాడిని. తొంభైల నడుమ ఒకరోజు మొహంతి సారు నన్ను గదిలోకి పిలిచి, తమకు వచ్చిన కలగాపులగపు తెలుగులో ఒక బాధ్యత అప్పగించారు. కొరాపుట్ వైపు ఉన్న ఒక పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా విద్యార్థులు చదువు మధ్యలో ఆరు నెలలు ఏదైనా కర్మాగారంలో పనిచేయాలి. ఆ పని ఉంటేనే డిప్లొమా చేతికి వస్తుంది. అలాంటి విద్యార్థులను నలుగురిని స్టైపెండు ఇచ్చి తీసుకోవడానికి పై ఆఫీసు మొదటిసారి ఒప్పుకుంది. ఈ నలుగురూ పనికివస్తే ప్రతి ఏడాదీ తీసుకుంటారు. రాకపోతే ఆ ఆలోచన అక్కడితో సరి.

“నువ్వు వెళ్ళండి, చింహాచలం బాబు. మంచి పిల్లలను ఏరండి. ఏమి పని తెలిసినవాళ్ళు కావాలో నాయుడును అడగండి,” అన్నారాయన.

నాయుడు అంటే మా ఫోర్‌మన్ అప్పలనాయుడుగారు. ఆయనది బొబ్బిలి. భుజం మీద కొట్పాడ్ నేత తువ్వాలు, గొంతులో కొలిమి. ఆయన మామూలుగా మాట్లాడినా షెడ్డు అవతల సైకిలు మీద వెళ్ళేవాడు ఆగి ‘నన్నేనా’ అని అడిగేవాడు.

“కుర్రోళ్ళని తెస్తన్నావంటగదా బాబూ,” అన్నారు. “నాకు సిప్పింగ్ తెలిసినోళ్ళు కావాల. మరేటీ వద్దు.”

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగి, నా తర్కాన్ని గౌరవంతో గమనించాలని మనవి. చింహాచలం ఉదంతం తరువాత నాకు కొంత జ్ఞానోదయం అయింది. ప్రతి ‘స’ వెనుకా ‘చ’ దాగి ఉండదని గ్రహించాను. పైగా నాయుడుగారి ‘స’ను నేను ప్రత్యేకంగా అధ్యయనం చేశాను. ఆయన షెడ్డును సెడ్డు అంటారు. షిఫ్టును సిఫ్టు అంటారు. షాఫ్టును సాఫ్టు అంటారు. అందువల్ల, కర్మాగారం గోడల లోపల నాయుడుగారి నోట ‘స’ వినిపిస్తే దాన్ని ‘ష’గా గ్రహించవలెను అని నాకు నేనే ఒక సూత్రం రాసుకున్నాను. సిప్పింగ్ అంటే షిప్పింగ్. సరుకును కట్టి, రైలెక్కించి, విశాఖ రేవుకు పంపే పని. ఆయన ‘సెయిన్ పులీ’ అన్నప్పుడల్లా కళ్ళ ఎదుట వేలాడే అంత పెద్ద గొలుసు నాకు ఎందుకు కనిపించలేదో నేటికీ చెప్పలేను.

అయినా నేను జాగ్రత్తపరుడిని. ఆ పని అంత ముఖ్యమైనదా అని అడిగాను.

“ముఖ్యం కాదేటి? సిప్పింగ్ అవ్వకే గదా సరుకంతా సెడ్డులో పడుంది. అది అవ్వందే ఒక్క బాడీ గేటు దాటదు.”

“అభ్యర్థులకు ఎలాంటి అర్హతలు ఉండాలంటారు?”

“సెయ్యి కుదురుగా ఉండాల బాబూ. సెయ్యి వణికిందంటే సరుకు పాడు.”

చెయ్యి కుదురు అంటే చేతిరాత అని నేను అర్థం చేసుకున్నాను. పార్సిళ్ళ మీద చిరునామా రాయాలి కదా. షిప్పింగ్ అంటే మీ ఉద్దేశం ఏమిటి అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ లేదు. కాని అంత సాధన చేసి ‘చ’ను, ‘ష’ను సంపాదించుకున్నవాడు ‘స’ దగ్గర ఆగి దారి అడుగుతాడా?

ఎస్టీడీ బూత్ నుంచి పాలిటెక్నిక్‌లోని లెక్చరరుగారికి ఫోను చేసి, షిప్పింగులో ఆసక్తి గల మెకానికల్ విద్యార్థులు కావాలని చెప్పాను. మెకానికల్ వాళ్ళకు షిప్పింగ్ ఎందుకని ఆయన అడిగారు. ఆధునిక పరిశ్రమ బహుముఖ ప్రజ్ఞను కోరుతుందని గంభీరంగా బదులిచ్చాను. ఆ వాక్యం ఎంత నచ్చిందంటే, బూత్ యజమాని చిల్లర ఇస్తుంటే ఆయనకు కూడా ఒకసారి వినిపించాను.

ఇంటర్వ్యూ రోజున కొండల మీద మంచు. లెక్చరరుగారు పక్కన మఫ్లరు కట్టుకుని కూర్చున్నారు. నా ప్రశ్నలు నేను తయారుచేసుకున్నవి: బరువైన సరుకును ఎలా కట్టాలి, ఏ వైపు పైకి ఉండాలో ఎలా తెలపాలి, తడవకుండా ఏమి చేయాలి. లేతు గురించి, గేరు గురించి చదువుకుని వచ్చిన పిల్లలు నా ప్రశ్న వినగానే, పెళ్ళిచూపులకు వచ్చి పురోహితుడి పరీక్షలో కూర్చున్నవాళ్ళలా లెక్చరరుగారి వైపు చూసేవారు. ఆయన మఫ్లరు వైపు చూసుకునేవారు.

ఒక్క త్రినాథ్ మాత్రం వెలిగిపోయాడు. వాళ్ళ నాన్న రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తా. ముందు వరిగడ్డి, దాని మీద గోనె, దాని మీద పురికొస, ఆపైన ఎర్ర రంగుతో బాణం గుర్తు అని శ్లోకం చదివినట్లు అప్పజెప్పాడు. అతని చేతిరాత చూస్తే అచ్చు పెళ్ళి శుభలేఖ. అతని తరువాత అంతటి అక్షరాలు రాసే ముగ్గురిని ఏరాను.

చివరగా ఒక అమ్మాయి వచ్చింది. పేరు గౌరి. లక్ష్మీపూర్‌లో చింతపండు, రాగులు టోకున కొని అమ్మే తెలుగు వర్తకుల ఇంటి పిల్ల. ఆ రోజుల్లో మెకానికల్ చదివే ఆడపిల్లలు ఆ కొండల్లో నాకు తెలిసి మరొకరు లేరు. షిప్పింగ్ గురించి నీకేమి తెలుసు అని అడిగాను.

ఆమె కాసేపు ఆలోచించి, “సార్, మీరడిగేది సిప్పింగా, షిప్పింగా?” అంది.

నా చెవులు వేడెక్కాయి. హాస్టలు, కంచాలు, గోదావరి నవ్వులు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. నా మూలాలు పసిగట్టి నన్ను ఎగతాళి చేస్తోందని నిర్ధారించుకున్నాను. ముందు ఉచ్చారణ సరిచూసుకుని రమ్మని, ఎంతో శాంతంగా, ప్రతి అక్షరాన్నీ ఇస్త్రీ చేసి చెప్పాను.

“సరిసూసుకునే అడుగుతన్నాను సార్,” అంది గౌరి.

ఆమెను ఎంపిక చేయలేదు. ఆ రోజు అక్కడ ఉన్న అందరిలోకీ అడగవలసిన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. అడగకూడని మనిషిని అడిగింది.

నలుగురూ పనిలో చేరేనాటికి నాయుడుగారు మేనకోడలి పెళ్ళికి బొబ్బిలి వెళ్ళారు. వచ్చేవరకు ఆపవచ్చు. కాని నేను నిశ్చయం గలవాడిని. షెడ్డులో పంపు బాడీలు వరసగా పడి ఉన్నాయి. పోతపోసినప్పుడు అచ్చు అతుకుల వెంట పొంగి గట్టిపడిన ఇనుము వాటి అంచుల నిండా, లోపలి మూలల నిండా రెక్కలురెక్కలుగా ఉంది. అది వాటి సహజ సౌందర్యమని నేను భావించాను. ఎద్దుబండిలో గడ్డి తెప్పించాను. నలుగురూ ప్రాణం పెట్టి పనిచేశారు. ఏనుగు పిల్లంత బరువున్న ఇనుప దిమ్మలను పసిపాపల్లా గడ్డిలో పడుకోబెట్టి, గోనె కప్పి, పురికొస చుట్టారు. గోనె ఊడినా గుర్తు పోకూడదని త్రినాథ్ ముందే ప్రతి బాడీ ఇనుము మీద, తరువాత గోనె మీద కూడా ఎర్ర రంగుతో బాణం వేసి, కింద ఇంగ్లీషులో, ఒడియాలో, తెలుగులో ‘పగులును, జాగ్రత్త’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

మర్నాడు నాయుడుగారు పెళ్ళి నుంచి వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. ఒక గడ్డిపోచ లాగి చూశారు. బాణాలన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టారు.

“పెల్లి బొబ్బిల్లో అనుకున్నాను,” అన్నారు చివరికి. “ఇక్కడ గూడా అయినట్టుంది. ఏటిది బాబూ?”

“షిప్పింగుకు అంతా తయారు చేశామండి.”

“ఏ సిప్పింగ్?”

“మీరు చెప్పిన షిప్పింగేనండి.”

“నాను సెప్పింది సిప్పింగ్.”

“మేము చేసింది కూడా షిప్పింగేనండి.”

“సిప్పింగ్ అయితే ఈ గడ్డేటి?”

“షిప్పింగు కనుకనే గడ్డి.”

నాయుడుగారు పైకప్పు వైపు చూశారు. అక్కడ సహాయం ఏదీ దొరకలేదు. గోడకు ఉన్న ఉలి, సుత్తి తీసుకుని, ఒక బాడీ మీది గోనె లాగిపారేసి, దాని అంచున ఉలి ఆనించి ఒక్క దెబ్బ కొట్టారు. ఇనుప రెక్క ఒకటి టప్పున ఎగిరి త్రినాథ్ రంగు డబ్బాలో పడింది.

“ఇది,” అన్నారు.

చిప్పింగ్. పోతలో మిగిలిన రెక్కలను ఉలితో కొట్టి తీసే పని. నేను జీవితంలో మొదటిసారి ‘చ’ ఉండవలసిన చోట ‘చ’ను కాదన్నాను. ఇన్నేళ్ళు సముద్రపు గాలిలో పెంచి పోషించిన అక్షరం, అవసరమైన రోజున నన్ను గుర్తుపట్టలేదు.

కబురు మొహంతి సారుకు చేరింది. ఆయన వచ్చి, గడ్డిని, బాణాలను, నన్ను అదే వరుసలో చూసి, “కొణ హెలా?” అన్నారు. ఏమైందో నాయుడుగారు చెప్పారు. ఆ గొంతుతో చెప్పడం వల్ల పక్క ఫ్యాక్టరీవాళ్ళకు కూడా తెలిసింది. వచ్చే సోమవారం కొనుగోలుదారుల తరఫున తనిఖీకి మనిషి వస్తున్నాడు. గ్రైండరు చక్రం లోపలి మూలలకు అందదు. అక్కడ చేత్తో కొట్టవలసిందే. ఉలి పట్టడం రాని నలుగురితో ఏమి లాభం? సాయంత్రం బస్సుకు వాళ్ళను తిరిగి పంపించేయమన్నారు సారు.

నా ఉద్యోగం సంగతి నాకు అప్పటికి తోచనేలేదు. సగంలో తిప్పి పంపిన పిల్లలను ఆ ఏడాది మరే కర్మాగారమూ తీసుకోదు. డిప్లొమా ఆగిపోతుంది. కారణం అడిగితే చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడే కారణం. నలుగురూ తలలు వంచుకుని నిలబడ్డారు. త్రినాథ్ మాత్రం మెల్లిగా, “సార్, రంగు మేం తుడిచేస్తాం,” అన్నాడు. ఆ మాట వినకపోయి ఉంటే నేను కూడా తల వంచుకునే ఉండేవాడినేమో.

సోమవారం వరకు గడువు ఇమ్మని అడిగాను. అప్పటికి వీళ్ళు చిప్పింగ్ నేర్చుకుంటారని, లేకుంటే నేనే దగ్గరుండి బస్సెక్కిస్తానని చెప్పాను.

“అయితే ఐదు టికెట్లు కొనండి, చింహాచలం బాబు,” అన్నారు మొహంతి సారు. ఐదోది ఎవరికో చెప్పలేదు. చెప్పనక్కరలేదు.

నాయుడుగారికి కొలిమి దగ్గర క్షణం తీరిక లేదు. ఉన్న కాస్త తీరికలో ఆయన నేర్పే పద్ధతి దూరం నుంచి అరవడం. ఆ అరుపుకు సుత్తి ఇంకా గురి తప్పేది. నేను ప్యాంటు మడిచి, చొక్కా చేతులు పైకి మడిచి, పిల్లలతో పాటు ఉలి పట్టాను. డిగ్రీ చదివిన చేయి కదా, సుత్తి దానికి ఎంతో మర్యాద ఇచ్చింది: ఉలిని వదిలేసి నేరుగా నా బొటనవేలినే పలకరించింది. సాయంత్రానికి మా ఐదుగురి చేతులకూ గుడ్డపీలికలు. ఒక్క బాడీ పూర్తికాలేదు. దాని మీది బాణం మాత్రం నిటారుగా ఆకాశం వైపు చూపిస్తోంది.

ఆ వేలిని ఊదుకుంటూ ఉండగా గౌరి మాట గుర్తొచ్చింది. సిప్పింగా, షిప్పింగా అని అడిగిన పిల్లకు ఆ రెండిటిలో మొదటిది తెలిసే ఉండాలి.

లెక్చరరుగారికి ఫోను చేస్తే ఆమె ఇంటి దగ్గరే ఉందన్నారు. మర్నాడు ఉదయం లక్ష్మీపూర్ బస్సు ఎక్కాను. కొండ మలుపుల పొడవునా ఒక వాక్యాన్ని కూర్చుకున్నాను: ‘గత ఎంపిక ప్రక్రియలో దొర్లిన ఒకానొక సాంకేతిక లోపం దృష్ట్యా, మీ అభ్యర్థిత్వాన్ని పునఃపరిశీలించదలచినాము.’ ప్రతి మలుపుకూ వాక్యం ఇంకొంచెం పొడుగైంది.

కొట్టు వెతకడం కష్టం కాలేదు. చింతపండు బస్తాల మధ్య కూర్చున్న గౌరి నాన్నగారు రాయగడ నుంచి వచ్చానని చెప్పగానే, “కూకోండి బాబూ, టీ తాగుదురు,” అని, అమ్మాయి పిండిమర దగ్గర ఉందని చూపించారు. మర తిరగలి రాయి విప్పి ఉంది. అరిగిపోయిన గాడులను గౌరి ఉలితో కొట్టి లోతు చేస్తోంది. రాతి ముక్కలు చిటపటమని లేస్తున్నాయి. చెయ్యి మాత్రం కదలనట్లే ఉంది. కుదురు అంటే ఏమిటో నాకు అప్పుడు కనిపించింది.

ఆమె తలెత్తి నన్ను చూసింది. నా వేలిని కూడా చూసింది.

“ఓడలన్నీ ఎలిపోనాయా సార్?” అంది.

నా పొడుగాటి వాక్యం గొంతు దాకా వచ్చి, అక్కడ ఉన్న అక్షరాలన్నిటినీ చూసి బెదిరి వెనక్కి వెళ్ళిపోయింది. దాని బదులు ఎన్నో ఏళ్ళుగా నేను అణచిపెట్టినది బయటకు వచ్చింది.

“అమ్మీ, సిప్పింగేనమ్మా. నాకే తెల్లేదు. ఆ నలుగురూ ఎనక్కి ఎలిపోతారు. నువ్వొచ్చి సూపించాల.”

గౌరి ఉలి కింద పెట్టింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“ఒస్తాను. కాని సూపించడానికి మాత్రమే రాను సార్. ఆ నలుగురికీ ఇచ్చినట్టే నాకూ ఆర్నెల్ల ట్రైనింగ్ ఇవ్వాల. స్టైపెండూ ఇవ్వాల. నాకింకా ఎక్కడా దొరకలేదు.”

ఇస్తానన్నాను. ఇచ్చే అధికారం నాకు బొత్తిగా లేదు. వాళ్ళ నాన్నగారు మాత్రం ఇనుము కొట్టే చోట ఆడపిల్ల ఎలాగ, ఉండటం ఎక్కడ అని అడిగారు. రాయగడలో పిన్ని ఇల్లు ఉండనే ఉందని గౌరి గుర్తుచేసింది. మర రాయి సగంలో ఉందన్నారాయన. “బేగి కొట్టేసి ఎల్తాను నాన్నా,” అని, నన్ను కూర్చోబెట్టి, మిగతా సగం కొట్టిన తరువాతే బయలుదేరింది.

మొహంతి సారు ఆమెను, నన్ను మార్చి మార్చి చూసి, నలుగురిని పంపించమంటే ఐదో మనిషిని తెచ్చావా అన్నారు. సోమవారానికి ఆరు టికెట్లు సిద్ధంగా ఉంచుకోమన్నారు. అది అనుమతి కిందే లెక్క అని నేను నిశ్చయించుకున్నాను.

నాయుడుగారు ఊరుకోలేదు.

“ఆడగుంటకి సుత్తేటి బాబూ? మొన్న గడ్డి, ఇయ్యాల ఇదా?”

గౌరి మా ఉలులన్నిటినీ ముందు సాన దగ్గరకు తీసుకుపోయింది. తిరిగొచ్చి, ఒక బాడీ లోపలి మూలలో పని మొదలుపెట్టింది. నాయుడుగారు వెనక నిలబడి చూశారు. చాలాసేపటికి, ఆ ఉలికి సాన పట్టింది ఎవరని అడిగారు.

“నానే.”

“ఊఁ,” అన్నారు నాయుడుగారు. అది ఆయన జీవితంలో అత్యంత చిన్న గొంతుతో అన్న మాట.

మా తప్పు ఎక్కడుందో గౌరి మొదటి పూటే పట్టుకుంది. మేమందరం దెబ్బ తగిలే చోట, అంటే ఉలి తల మీద, చూపు నిలుపుతున్నాం.

“తలకాయని సూత్తే సుత్తి యేలు మీదే పడతాది సార్. అంచుని సూడండి. సెయ్యి దానంతటదే ఒస్తాది.”

నమ్మడం కష్టం. గాలిలో లేచిన సుత్తిని చూడకుండా ఉండటం, ఘాట్ రోడ్డు దిగే బస్సులో డ్రైవరు వైపు చూడకుండా ఉండటం లాంటిది. కాని త్రినాథ్ పళ్ళు బిగించి అంచునే చూశాడు. అతని తరువాత మిగతావాళ్ళు. ముత్యాల అక్షరాలు రాసే చేతులు కదా, గీత తప్పకుండా పోవడం వాటికి వచ్చు. బరువు ఒక్కటే కొత్త. చెయ్యి కుదురు గురించి నేను అపార్థం చేసుకున్న మాట చిత్రంగా కొంత నిజమే అయింది. ఆదివారం కూడా సెలవు తీసుకోకుండా కొట్టాం. నాయుడుగారు అరవడం మానేసి, కొలిమి దగ్గర నుంచి మధ్యమధ్య వచ్చి మూలల్లో వేలు పెట్టి చూసి వెళ్ళేవారు. ఏమీ అనకపోతే బాగుందని అర్థం. నా బాడీ దగ్గర మాత్రం ప్రతిసారీ ఏదో ఒకటి అన్నారు.

సోమవారం కలకత్తా నుంచి తనిఖీ అధికారి వచ్చారు. టార్చిలైటు వేసి, ప్రతి బాడీ లోపలి మూలలనూ వేళ్ళతో తడిమారు. మేము గోడ పక్కన నిలబడ్డాం. త్రినాథ్ పెదవులు కదులుతున్నాయి. దేవుడి పేరో, పార్సిలు మంత్రమో తెలియదు. ఒక్కొక్కటే దాటి ఆయన చివరి దాని దగ్గరకు వచ్చారు. మూలలు శుభ్రంగానే ఉన్నాయి. కాని అటువైపు తిరిగి ఉన్న ముఖం మీద రంగు తుడవడం మేము మరిచిపోయాం. ఎర్రటి బాణం, దాని కింద ఇంగ్లీషులో ‘పగులును, జాగ్రత్త’.

అధికారి అది చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివి, ఈ పంపు బాడీ పగులుతుందా అని అడిగారు.

మొహంతి సారు నా వైపు చూశారు. నేను బస్టాండు ఉన్న దిక్కు వైపు చూశాను. నాయుడుగారు ముందుకు వచ్చారు.

“ఇదేటి పగుల్తాది సార్? పగిలేది దీని కింద ఎవడి కాలుంటే ఆడి కాలు.”

గౌరి ఆ మాటను, ముఖంలో ఏ మార్పూ లేకుండా, ఇంగ్లీషులో వినిపించింది. అధికారి ముందు తమ బూటు వెనక్కి తీసుకున్నారు. తరువాత సంతకం పెట్టారు. ఇంత మంచి భద్రతా హెచ్చరిక మరే ఫ్యాక్టరీలోనూ చూడలేదని మొహంతి సారుతో అని వెళ్ళారు.

బస్సు టికెట్లు ఎవరూ కొనలేదు. ఐదుగురూ ఆరు నెలలూ పూర్తిచేశారు. ఐదుగురికీ స్టైపెండు వచ్చింది. నేను పర్మనెంటు అయ్యాను. కాగితం మీద సింహాచలం అని, మొహంతి సారు నోట చింహాచలం అని.

మరుసటి ఏడాది మళ్ళీ విద్యార్థులను ఎంపిక చేయవలసిన రోజులు వచ్చాయి. షెడ్డులోకి ఇనుమును గీకి ఆకారానికి తెచ్చే కొత్త యంత్రం ఒకటి వచ్చింది. నేను నాయుడుగారి దగ్గరకు వెళ్ళి, ఈసారి ఎలాంటివాళ్ళు కావాలని వినయంగా అడిగాను.

“ఈపాలి సేపింగ్ తెలిసినోళ్ళని తే బాబూ.”

నేను ఒక అడుగు వెనక్కి వేసి ఊపిరి పీల్చుకున్నాను. ఊహించను, అడుగుతాను అని అప్పటికే నిశ్చయించుకుని ఉన్నాను. గౌరి అడిగినట్లే, తలెత్తి, స్పష్టంగా అడిగాను.

“నాయుడుగారూ, అది చేపింగా, షేపింగా?”

ఆయన నన్ను కింది నుంచి పైకి చూశారు.

“అదేటి బాబూ? ఇనుము ఒదిలేసి మా సేత సేపలు పట్టిస్తావేటి?”

అందువల్ల ఇందుమూలంగా, పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా ఒకప్పుడు వంకాయ రంగులో ఉన్న నా ఎడమచేతి బొటనవేలి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఎన్నడూ ఎవరి ‘స’నూ వారి అనుమతి లేకుండా సరిదిద్దను. ఎవరైనా ఉలి, సుత్తి చూపించేవరకు ఏ మాటకూ అర్థం చెప్పను. ఇనుముకు గడ్డి కప్పను. ఈ ప్రతిజ్ఞ చేస్తున్నది చింహాచలం కాదు. వాడు ఆనాటి లక్ష్మీపూర్ బస్సులో ఎక్కడో దిగిపోయాడు. సేస్తన్నది సిమ్మాసెలం.